నొప్పికి ముందే నింపవలసిన గుంత

పంటికి గుంత పడిన రోజుకూ, ఆ పన్ను దంతవైద్యుని ముందుకు వచ్చిన రోజుకూ మధ్య ఎంత కాలం గడిచిందన్న దాన్ని బట్టే ఆ పన్ను నోట్లో నిలుస్తుందా, పీకించుకోవలసి వస్తుందా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఒడిశా దక్షిణపు అంచున, తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్న కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఈ వ్యవధి పెరగడానికి కొండదారులు, పోయే రోజుకూలి, బస్సు ఛార్జీలు వంటి కారణాలు ఎన్ని ఉన్నా, వాటి వెనుక ఒక అపోహ కూడా ఉంది: నొప్పి లేని పంటికి వైద్యం అక్కర్లేదన్నది ఆ అపోహ. వాడుకలో 'పంటికి సిమెంటు పెట్టడం' అని పిలిచే ఫిల్లింగ్ ముఖ్యంగా ఇంకా నొప్పి పుట్టని పంటి కోసం ఉద్దేశించిన చికిత్స. రాత్రిపూట నిద్ర పట్టనివ్వని పోటు మొదలైన తర్వాత వెళ్ళిన రోగికి చాలా సందర్భాల్లో అది ఒక్కటే సరిపోదు.

ఈ రెండు జిల్లాల ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగంగా ఉండేది. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లా నుంచి రాయగడ విడివడింది. రాష్ట్రం మారినా రాకపోకలు మారలేదు. రాయగడ, గునుపూరు, జయపురం పట్టణాల తెలుగు కుటుంబాలు పెద్ద వైద్యం అనగానే ఇప్పటికీ పార్వతీపురం, విజయనగరం, విశాఖపట్నం వైపు చూస్తాయి. పంటి విషయంలో ఈ అలవాటు కొంత నష్టమే చేస్తుంది. రైలెక్కి విశాఖ వెళ్ళేంత పెద్ద బాధ వచ్చేవరకు ఆగడం, ఆ ఆగడంలోనే చిన్న గుంత నరం దాకా చేరడం జరుగుతుంది. అరగంటలో ముగిసే పని ఊరికి దగ్గరలోనే జరిగే అవకాశాన్ని మొదట వెతకడం మేలు. కోరాపుట్‌లో 2017లో తరగతులు మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆస్పత్రి, రాయగడలోని జిల్లా ప్రధాన ఆస్పత్రి అలా వాకబు చేయదగిన చోట్లు. జిల్లా ఆస్పత్రుల్లోనూ, సామూహిక ఆరోగ్య కేంద్రాల్లోనూ దంతవైద్యులు ఉండాలని భారత ప్రజారోగ్య ప్రమాణాలు చెబుతున్నాయి కనుక ఆ సేవను అడగడం పౌరుల హక్కు కూడా.

గుంత ఎందుకు పడుతుందో అర్థం కావాలంటే పంటి నిర్మాణం కొంత తెలియాలి. పైకి తెల్లగా మెరిసే పొరను ఎనామిల్ అంటారు; దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కావడం వల్ల మానవ శరీరంలో అంత గట్టి పదార్థం మరొకటి లేదు. అయితే పన్ను చిగురు దాటి బయటకు వచ్చేసరికి ఎనామిల్‌ను నిర్మించిన కణాలు అంతరించిపోతాయి గనుక, విరిగిన ఎముక అతుక్కున్నట్లు ఎనామిల్‌లో పడిన గుంత తనంతట తాను పూడదు. దాని కింద డెంటిన్ అనే కాస్త మెత్తని, పసుపు ఛాయ గల పొర ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు దీనిలో వేలకొద్దీ ఉండి, చల్లదనాన్ని, తీపిని లోపలి నరానికి చేరవేస్తాయి. అన్నిటికంటే లోపల, రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తని కణజాలమే పల్ప్. జనం 'పంటి నరం' అనేది దీన్నే. ఎనామిల్‌లో నరాలు లేవు. అందుకే పుచ్చు ఆ పొరలోనే ఉన్నంతకాలం మనిషికి ఏమీ తెలియదు.

పుచ్చుకు మూలం నోటిలో సహజంగా నివసించే సూక్ష్మజీవులు. వాటిలో స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా ముఖ్యమైనది. పళ్ళపై పేరుకునే జిగట పాచిలో ఇవి స్థావరం ఏర్పరచుకొని, మనిషి తిన్న చక్కెరను తాము ఆరగించి ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ సూచిక దాదాపు 5.5 కంటే దిగువకు పడినప్పుడు ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటకు పోతాయి. చక్కెర నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే ఈ పతనం మొదలవుతుంది. ఆ తర్వాత అరగంట నుంచి గంట లోపల లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. ఈ పోవడం, రావడం రోజంతా జరుగుతూనే ఉంటాయి. పోయేది వచ్చేదానికంటే నెలల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడే గుంత ఏర్పడుతుంది కనుక, ఎంత తీపి తిన్నారన్న దానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ఎక్కువ ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డూ తిన్న పిల్లవాడి పళ్ళకంటే, ఉదయం నుంచి సాయంత్రం దాకా చాక్లెట్లు చప్పరించే పిల్లవాడి పళ్ళు త్వరగా పాడవుతాయి.

పంటిని పురుగు తొలుస్తుందన్న నమ్మకం తెలుగు ఊళ్ళలోనే కాదు, ప్రపంచమంతటా ఉండేది. ములక గింజలను నిప్పుల మీద వేసి ఆ పొగను నోటికి పట్టించి 'పురుగులు' రాల్చే వైద్యం మన పల్లెల్లో ఉన్నట్లే, యూరప్‌లో హెన్‌బేన్ అనే మొక్క గింజలతో అదే పని చేసేవారు. వేడికి పగిలిన గింజల్లోంచి వచ్చే తెల్లని మొలకలనే అక్కడ పురుగులని భ్రమపడేవారు. ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫొషార్ 1728లో వెలువరించిన గ్రంథంలో ఈ నమ్మకాన్ని నిరాకరించాడు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు విల్లబీ మిల్లర్ 1890లో బ్యాక్టీరియా, ఆమ్లం, ఆహారం అనే మూడింటి కలయికగా పుచ్చును వివరించాడు. పొగ పట్టించుకున్నవారికి నొప్పి తగ్గినట్లు అనిపించడానికి మాత్రం కారణం ఉంది: పల్ప్ వాపు వల్ల కలిగే పోటు కొన్ని రోజులు రేగి, కొన్ని రోజులు అణగుతూ ఉంటుంది. ఒక్కోసారి అది పూర్తిగా ఆగిపోతుంది కూడా. ఇక్కడే అసలైన ప్రమాదం ఉంది, ఎందుకంటే పోటు పెట్టిన పన్ను వైద్యం లేకుండా ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే చాలావరకు దాని అర్థం లోపలి నరం చచ్చిపోయిందని. సూక్ష్మజీవులు వేరు చివర నుంచి దవడ ఎముకలోకి దిగడం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఈ జిల్లాల ఆహారపు అలవాట్లను పుచ్చుకు కారణంగా చూపడం సరికాదు. చోడి అంబలి, కొర్ర, సామ, దుంపలు, ఆకుకూరలతో సాగిన పాత తిండిలో చక్కెర చాలా తక్కువ. కొండమీది సంతలకు కూడా చేరిన బిస్కెట్లు, రంగు పానీయాలు, చాక్లెట్లు, రోజుకు నాలుగైదు సార్లు తాగే పంచదార టీ ఇప్పుడు ఆ తిండి పక్కన వచ్చి చేరాయి. వీటికి తోడు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో విరివిగా వాడే గుడాకు అనే పొగాకు ముద్ద ఉంది. పొగాకును బెల్లపు పాకంతో కలిపి చేసే దీన్ని పళ్ళు తోముకునే పదార్థంగా భావించి వేలితో చిగుళ్ళకు రుద్దుతారు. పంటి నొప్పికి ఉపశమనమని మొదలుపెట్టినవారికి అదే వ్యసనంగా మారుతుంది. దీర్ఘకాలంలో చిగుళ్ళు కిందికి జారి, ఎనామిల్ రక్షణ లేని వేరు భాగం బయటపడి, అక్కడ పుచ్చు సులువుగా పడుతుంది. పొరుగున ఉన్న శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో కొందరు స్త్రీలకు ఉన్న అడ్డపొగ అలవాటును, అంటే నిప్పున్న కొసను నోటిలోపల ఉంచి చుట్ట తాగడాన్ని, పుచ్చుతో నేరుగా ముడిపెట్టలేకపోయినా, అది అంగిలిలో కేన్సర్‌కు దారితీస్తుందని వైద్య పరిశోధనల్లో స్థిరపడింది. కనుక ఫిల్లింగ్ కోసం వెళ్ళిన రోజున అలాంటివారి అంగిలిని కూడా వైద్యుడు చూడటం, చూడమని అడగడం అవసరం. వేపపుల్ల, కానుగపుల్ల వంటి పందుంపుల్లలు నిష్ప్రయోజనం కావు. వాటిని నెమ్మదిగా నమిలి కుంచెలా చేసి వాడితే పాచి కొంత పోతుంది, కాని పళ్ళ సందులనూ, దవడపళ్ళ నెత్తిమీది గాళ్ళనూ అవి సరిగా చేరలేవు, ఫ్లోరైడ్‌ను అందించలేవు.

ప్రతి పుచ్చుకూ ఫిల్లింగ్ అవసరం లేదన్న విషయం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. పుచ్చు తొలి దశలో పంటిపై సుద్దలాంటి తెల్లని మచ్చగా కనిపిస్తుంది. పైపొర ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది గనుక తీపిని తగ్గించి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకుంటూ, వైద్యుడు పూసే ఫ్లోరైడ్ వార్నిష్ సాయం తీసుకుంటే ఆ మచ్చ గట్టిపడి అక్కడితో ఆగిపోవచ్చు. పైపొర కూలి గుంత పడిన తర్వాత, దానిలో చేరిన పాచిని కుంచె తీయలేదు కాబట్టి, దాన్ని శుభ్రంచేసి పూడ్చవలసి వస్తుంది. చల్లని నీళ్ళు తాగినప్పుడు జివ్వుమని, నీళ్ళు మింగిన కొద్ది క్షణాలకే ఆ లాగుడు పోతే పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలో ఉన్నట్లు భావిస్తారు. ఫిల్లింగ్‌కు అనువైన చివరి ఘట్టం అదే. వేడి తగిలితే పోటు రావడం, అది నిమిషాల తరబడి సలపడం, ఏ కారణమూ లేకుండా రాత్రి నిద్రలేపడం వంటివి పల్ప్ తిరిగి కోలుకోలేని దశకు చేరిందనడానికి గుర్తులు. అప్పుడు మిగిలేవి రెండే దారులు: పల్ప్‌ను తీసి వేరులోని కాలువలను శుభ్రంచేసి నింపే రూట్ కెనాల్ చికిత్స, లేదా పన్ను పీకడం. మొదటిది ఖర్చుతో, సాధారణంగా ఒకటికి మించిన రాకపోకలతో, చాలాసార్లు పైన క్యాప్‌తో ముడిపడినది కనుక పేదవారు రెండోదాన్నే ఎంచుకోవలసి వస్తుంది. ఒక దవడపన్ను పోతే దాని పక్క పళ్ళు ఖాళీలోకి ఒరిగి, పైపన్ను కిందికి దిగి, నమలడం ఒకవైపే సాగడం కాలక్రమంలో ఎదురయ్యే పరిణామాలు.

ఫిల్లింగ్ చేయించుకోబోయే వ్యక్తికి కుర్చీలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది. వైద్యుడు మొదట చిన్న అద్దంతో, సన్నని పనిముట్టుతో పళ్ళను పరిశీలిస్తాడు. రెండు పళ్ళ మధ్య దాగిన పుచ్చు కంటికి కనిపించదు కాబట్టి అవసరమైతే చిన్న ఎక్స్‌రే తీస్తారు. గుంత పైపైనే ఉంటే మత్తు అక్కర్లేకపోవచ్చు. లోతుగా ఉంటే లిగ్నోకైన్ అనే మందును సూదితో చిగురు దగ్గర ఎక్కిస్తారు. సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినంత బాధ ఉంటుంది, తరువాత పెదవి, దవడ మొద్దుబారి బరువెక్కినట్లు అనిపిస్తాయి. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం, రక్తాన్ని పలుచన చేసే మందుల వాడకం, గర్భం, గతంలో ఏదైనా మందు పడకపోవడం వంటివి ఉంటే సూదికి ముందే వైద్యునికి చెప్పాలి. ఆ తర్వాత నీళ్ళు చిమ్ముతూ వేగంగా తిరిగే యంత్రంతో మెత్తబడిన భాగాన్ని తొలగిస్తారు. యంత్రం చప్పుడు, అదురు తెలుస్తాయి గాని మత్తు పనిచేస్తున్నప్పుడు నొప్పి తెలియకూడదు. తెలిస్తే చెయ్యి పైకెత్తి ఆపమనడం రోగి హక్కు, దానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఈ దశలో గత కొన్ని దశాబ్దాల్లో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. పాడైన భాగాన్ని అంచులూ అడుగూ కలిపి పూర్తిగా తవ్వేయాలన్నది పాత పద్ధతి. గుంత లోతుగా ఉన్నప్పుడు అంచుల్లో శుభ్రంగా తీసి, పల్ప్‌కు బాగా దగ్గరగా ఉన్న అడుగున కాస్త మెత్తని డెంటిన్‌ను ఉద్దేశపూర్వకంగా వదిలి గట్టిగా మూసివేయడం ఇప్పటి విధానం. ఆహారం అందకుండా మూతపడిన సూక్ష్మజీవులు అక్కడ నిద్రాణమైపోతాయని, నరాన్ని అనవసరంగా తెరవకుండా పన్ను బతుకుతుందని అనుభవంలోనూ పరీక్షల్లోనూ తేలింది. కనుక 'పుచ్చు కొంత వదిలేశారు' అని వైద్యుడే చెప్పినప్పుడు దాన్ని నిర్లక్ష్యమని అనుమానించనక్కర్లేదు. తొలగించడం అయ్యాక గుంతను ఆరబెట్టి, రెండు పళ్ళ మధ్య గుంత అయితే సన్నని లోహపు పట్టీ చుట్టి, పదార్థాన్ని నింపుతారు. చివరగా రంగు కాగితాన్ని కొరికించి ఎక్కడ ఎత్తుగా తగులుతుందో చూసి అరగదీస్తారు. ఈ చివరి పని ఓపికగా జరగాలి, ఎందుకంటే వెంట్రుకవాసి ఎత్తు మిగిలినా నమిలిన ప్రతిసారీ ఆ పన్ను బాధిస్తుంది. మత్తులో ఉన్న రోగికి ఆ ఎత్తు సరిగా తెలియదు గనుక, మరునాడు తేడాగా అనిపిస్తే తిరిగి వెళ్ళి సరిచేయించుకోవడం మామూలు విషయం.

గుంతను ఏ పదార్థంతో నింపాలన్న వెతుకులాట చాలా పాతది. ఇప్పటి బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ళ కిందటి మనుషుల దవడపళ్ళకు చెకుముకి రాతి మొనతో తొలిచిన రంధ్రాలు ఉన్నట్లు 2006లో వెల్లడైంది. స్లొవేనియాలో దొరికిన సుమారు 6,500 ఏళ్ళనాటి దవడలో పగిలిన పంటిపై తేనెమైనం పూత కనిపించింది. ఆధునిక కాలంలో ఎక్కువ కాలం రాజ్యమేలింది 'వెండి సిమెంటు' అని జనం పిలిచే అమాల్గమ్. వెండి, తగరం, రాగి పొడిని దాదాపు అంతే బరువు పాదరసంతో కలిపి చేసే ఈ మిశ్రమం చవకైనది, తడిలోనూ పనిచేసేది, దవడపళ్ళ ఒత్తిడిని ఏళ్ళ తరబడి తట్టుకునేది. దీనిపై అభ్యంతరం ప్రధానంగా పాదరసం పర్యావరణంలో చేరడం గురించి వచ్చింది. 2013లో జపాన్‌లో కుదిరిన మినమాటా ఒప్పందం పాదరసం వాడకాన్ని తగ్గించాలని నిర్దేశించగా, భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది; 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గమ్ వాడకూడదన్న నిబంధన 2022లో చేరింది. ఇప్పటికే నోట్లో ఉన్న వెండి ఫిల్లింగ్ బాగానే ఉంటే పాదరసానికి భయపడి దాన్ని తీయించుకోనక్కర్లేదు. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది.

పంటి రంగులోనే ఉండే కాంపోజిట్, రెజిన్ అనే జిగురు పదార్థంలో గాజులాంటి సన్నని రేణువులను కలిపి తయారుచేసినది. మైఖేల్ బ్యూనోకోర్ 1955లో ఎనామిల్‌పై పలుచని ఆమ్లం రాసి గరుకుగా చేస్తే రెజిన్ అతుక్కుంటుందని చూపడం, రాఫెల్ బోవెన్ 1960ల మొదట్లో బలమైన రెజిన్‌ను రూపొందించడం దీనికి పునాదులు. దీన్ని పలుచని పొరలుగా వేస్తూ ప్రతి పొరనూ నీలికాంతితో గట్టిపరుస్తారు కనుక కుర్చీ దిగేసరికే అది గట్టిపడి ఉంటుంది. చూడటానికి బాగుంటుంది, పంటికి అతుక్కుంటుంది కాబట్టి మంచి భాగాన్ని ఎక్కువగా తొలచనక్కర్లేదు. అయితే పని జరుగుతున్నంతసేపూ గుంత పూర్తిగా పొడిగా ఉండాలి, విద్యుత్తు, దీపం, నేర్పు, ఎక్కువ సమయం కావాలి, ధర కూడా ఎక్కువ. 'తెల్లదే మంచిది' అన్న నగరపు అభిప్రాయం కొండప్రాంతపు ప్రతి పంటికీ వర్తించదు.

ఆ కొండప్రాంతానికి నిజంగా సరిపోయినది మూడో పదార్థం, గ్లాస్ అయనోమర్ సిమెంట్. లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో ఆలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ రూపొందించి 1970ల ఆరంభంలో లోకానికి అందించిన ఈ సిమెంట్ గాజుపొడి, ఒక రకమైన బలహీన ఆమ్లం కలిసినప్పుడు గట్టిపడుతుంది. పంటిలోని కాల్షియంతో రసాయనికంగా బంధం ఏర్పరచుకొని, చుట్టుపక్కల పంటికి కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తుంది. కాంపోజిట్ అంత ఒత్తిడిని తట్టుకోలేకపోవడం, త్వరగా అరగడం దీని లోపాలు. 1980ల మధ్యలో టాంజానియాలో మొదలైన ఒక ప్రయోగం దీని విలువను పెంచింది: విద్యుత్తు గానీ, యంత్రం గానీ లేకుండా చేతి పనిముట్లతోనే మెత్తబడిన పుచ్చును గీకి తీసి, ఈ సిమెంట్‌ను వేలితో ఒత్తి నింపే పద్ధతి అది. దంతాన్ని తొలచకుండా, చాలాసార్లు మత్తుసూది కూడా లేకుండా సాగే ఈ విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ప్రోత్సహించింది. 2021లో గ్లాస్ అయనోమర్ సిమెంట్‌ను, పుచ్చును ఆపే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ ద్రావణాన్ని, ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్‌ను చుక్కగా పుచ్చుపై అద్దితే అది గట్టిపడి ఆగుతుంది, అయితే ఆ చోటు శాశ్వతంగా నల్లబడుతుంది. ఊడిపోవలసిన పాలపళ్ళకు, కుర్చీలో కూర్చోలేని చిన్నపిల్లలకు ఇది వరం లాంటిదే అయినా, ఆ నలుపు సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించడం వైద్యుని బాధ్యత.

ఈ రెండు జిల్లాల్లో చేతి పనిముట్లతో సిమెంటు నింపే పద్ధతికి సహజమైన చోటు బడి. ఒడిశా ప్రభుత్వపు షెడ్యూల్డ్ తెగల, కులాల అభివృద్ధి శాఖ నడిపే ఆశ్రమ పాఠశాలల్లో కొండగ్రామాల పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. అందరూ ఒకేచోట ఉన్నప్పుడు ఒక దంతవైద్యుడు ఒక సంచిలో పట్టే పనిముట్లతో వెళ్ళి రోజుకు ఎంతోమంది గుంతలను నింపగలడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్ళి పరీక్షించవలసిన స్థితుల్లో దంత సమస్యలు ఉన్నాయి. పరీక్షించి చీటీ రాసి పంపడంతో ఆగక, అక్కడికక్కడే చేతి పనిముట్లతో సిమెంటు పెట్టే ఏర్పాటు జరిగితే ఆ చీటీ పట్టుకొని అరవై, డెబ్బై కిలోమీటర్లు వెళ్ళలేని తల్లిదండ్రుల బిడ్డ పన్ను మిగులుతుంది. ఈ కోరిక అత్యాశ కాదు, సాధనాలన్నీ ఇప్పటికే ఉన్నాయి. పిల్లల విషయంలో తెలుసుకోవలసిన మరొక సంగతి ఆరేళ్ళ దవడపన్ను. సుమారు ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, నోటి వెనుక భాగంలో నాలుగు శాశ్వత దవడపళ్ళు వస్తాయి. పాలపన్నేననీ, ఎలాగూ ఊడిపోతుందనీ పెద్దలు వీటిని వదిలేయడం వల్ల జీవితాంతం ఉండవలసిన పళ్ళు పదేళ్ళలోపే పాడవుతాయి. వీటి నెత్తిమీది లోతైన గాళ్ళను పుచ్చకముందే సీలెంట్ అనే పూతతో మూయవచ్చు. పాల దవడపళ్ళు కూడా పది, పన్నెండేళ్ళ దాకా ఉండి కింద వచ్చే పంటికి చోటు కాపాడతాయి కాబట్టి వాటికి ఫిల్లింగ్ చేయించడం వృథా కాదు.

ఫిల్లింగ్ తర్వాత మొద్దుదనం రెండు మూడు గంటలు ఉండవచ్చు. ఆ సమయంలో తెలియకుండా పెదవి, బుగ్గ కొరుక్కునే ప్రమాదం ఉన్నందున పిల్లలకు నమిలే తిండి పెట్టకూడదు. అమాల్గమ్, గ్లాస్ అయనోమర్ పెట్టించుకున్నవారు ఒక రోజు పాటు ఆ వైపు గట్టివి నమలకుండా ఉండాలి. చల్లదనానికి, ఒత్తిడికి కొద్దిపాటి జివ్వుమనడం కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు ఉండి తగ్గుతుంది. తగ్గకుండా పెరిగితే, రాత్రి పోటుగా మారితే, పల్ప్ లోపల దెబ్బతిన్నదని అర్థం, రూట్ కెనాల్ అవసరం కావచ్చు. లోతైన గుంతల్లో ఎంత జాగ్రత్తగా చేసినా కొన్నిసార్లు ఇలా జరుగుతుంది. నొప్పికి మాత్రలను చిగురుపై అద్దిపెట్టడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఆస్పిరిన్ తగిలిన చోట పుండు పడుతుంది. ముఖం లేదా దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికీ ఊపిరికీ ఇబ్బంది కనిపిస్తే అది పంటి వైద్యానికి సంబంధించిన సాధారణ వ్యవహారం కాదు, శ్వాసమార్గాన్ని మూసేంత ప్రమాదకరమైన చీము; తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాస్పత్రికి చేర్చాలి.

ఫిల్లింగ్ శాశ్వతం కాదు, కాని సంరక్షణను బట్టి పదేళ్ళు, కొన్నిసార్లు అంతకు మించి నిలుస్తుంది. అది విఫలమయ్యేది ఎక్కువగా అంచుల్లో, పన్నూ సిమెంటూ కలిసే గీత దగ్గర కొత్త పుచ్చు పడినప్పుడే. అందుకే 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలని, అంటే ట్యూబుపై ఆ అంకె చూసి కొనాలని, తోమిన తర్వాత ఉమ్మివేసి నోరు ఎక్కువగా పుక్కిలించకూడదని వైద్యులు చెబుతారు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు వారికి బఠాణీ గింజంత చాలు. ఫ్లోరైడ్ మాట వినగానే తెలుగు పాఠకులకు నల్లగొండ ఫ్లోరోసిస్ గుర్తుకు రావడం సహజమే. భారతదేశంలో ఫ్లోరోసిస్ మొదట వైద్య పత్రికల్లో నమోదైనదే 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. అది తాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడ్‌ను ఏళ్ళ తరబడి తాగడం వల్ల ఎముకలకూ పళ్ళకూ కలిగే వ్యాధి. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి అందుకే ఉంది. ఉమ్మివేసే పేస్టులోని కొద్దిపాటి ఫ్లోరైడ్ పంటిపైనే పనిచేస్తుంది. ఫ్లోరోసిస్ వల్ల పళ్ళపై పడే గోధుమరంగు చారలు కూడా పుచ్చు కావు, వాటిని తొలిచి నింపించుకోనక్కర్లేదు.

రెండు రాష్ట్రాల మధ్య వైద్యం చేయించుకునే ఈ ప్రాంతపు తెలుగువారు అడిగి తీసుకోవలసినది ఒకటి ఉంది, అది రాతపూర్వకమైన చీటీ. విశాఖలో మొదలైన చికిత్సకు గునుపూరులోనో జయపురంలోనో సమస్య వచ్చినప్పుడు అక్కడి వైద్యునికి గతం తెలియకపోతే మళ్ళీ మొదటి నుంచి తవ్వవలసి వస్తుంది. ఏ పంటికి, ఏ పదార్థంతో, ఎంత లోతున, తాత్కాలికంగానా శాశ్వతంగానా నింపారన్నది, ఎక్స్‌రే ఫిల్ముతో సహా, రోగి దగ్గర ఉండాలి. దంతవైద్యులు పళ్ళను రెండంకెలతో గుర్తిస్తారు. మొదటి అంకె నోటి నాలుగు భాగాల్లో ఏదో, రెండోది మధ్య నుంచి లెక్కిస్తే ఎన్నో పన్నో చెబుతుంది. చీటీపై 36 అని ఉంటే అది కింది ఎడమవైపు ఆరేళ్ళ దవడపన్ను. తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి పంపిన పక్షంలో ఎన్నాళ్ళ లోపు తిరిగి రావాలో తేదీ రాయించుకోవడం మరీ ముఖ్యం, ఎందుకంటే నొప్పి తగ్గింది కదా అని నెలలు గడిపితే మెత్తని ఆ మూత అరిగి ఊడిపోయి, కాపాడిన నరం మళ్ళీ పుచ్చు పాలవుతుంది.